డ్యాక్ చిప్పు ఇచ్చేది కరెంటు, యాంప్లిఫయర్ అడిగేది వోల్టేజీ: మధ్యలో ఏం జరుగుతుంది?

సీడీలోనో కంప్యూటర్‌లోనో అంకెలుగా ఉన్న పాటను అనలాగ్ సంకేతంగా మార్చే డ్యాక్‌ను సొంతంగా కట్టుకోవాలని సరదాపడే హైదరాబాదీకి సామాను దొరకడం పెద్ద కష్టమేమీ కాదు. రెసిస్టర్లు, కెపాసిటర్లు, ఐసీ సాకెట్లు కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. పాత సీడీ ప్లేయర్ విప్పి అందులోని చిప్పు తీసుకుందామంటే గురువారం జుమ్మేరాత్ బజార్ ఉండనే ఉంది. కష్టమంతా సలహాలతోనే. చిప్పు తర్వాత ఏం పెట్టాలని అడిగితే ఒకాయన ఒక్క రెసిస్టర్ చాలు, మిగతాదంతా దండగ అంటాడు. ఇంకొకాయన మంచి ఆపాంప్ (సంకేతాన్ని పెంచే చిన్న చిప్పు) పెట్టకపోతే ఆ చిప్పు కొనడమే వృథా అంటాడు. మూడో ఆయన ఆపాంప్ పేరెత్తగానే మొహం చిట్లించి ట్రాన్సిస్టర్లు పెట్టమంటాడు. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినవాడు మాత్రం ఎవరితోనూ వాదించడు. అప్పటికే అతని జేబు ఖాళీ అయి ఉంటుంది.

నలుగురూ మాట్లాడేది ఒకే పని గురించి: చిప్పు నుంచి వచ్చే కరెంటును వోల్టేజీగా మార్చడం. నలుగురి మాటా ఏదో ఒక చిప్పు విషయంలో నిజమే. ఆ చిప్పు ఏదో చెప్పకుండా, అన్నిటికీ ఒకే మందు అన్నట్టు మాట్లాడటం వల్లే ఈ గందరగోళం.

చిప్పు పిన్ను దగ్గర దొరికేదేమిటి?

డ్యాక్ అంటే డిజిటల్ అంకెలను అనలాగ్ సంకేతంగా మార్చే చిప్పు. కొన్ని చిప్పులు ఆ సంకేతాన్ని నేరుగా వోల్టేజీ రూపంలో ఇచ్చేస్తాయి. చవక బోర్డుల్లో తరచుగా కనిపించే పీసీఎం5102ఏ ఈ రకమే. మార్పిడి అంతా లోపలే పూర్తిచేసి 2.1 వోల్టుల ఆర్ఎంఎస్ (ఊగే వోల్టేజీకి ఒక రకం సగటు కొలత) సంకేతాన్ని బయటికి పంపుతుంది. అలాంటి బోర్డు కొన్నవాళ్లకు ఈ వ్యాసంతో పని లేదు.

రెండో రకం చిప్పులు కరెంటు ఇస్తాయి. 1980ల నడుమ ఫిలిప్స్ తెచ్చిన 16 బిట్ల టీడీఏ1541, దాని తర్వాతి రూపమైన టీడీఏ1541ఏ ఇందులో ప్రసిద్ధమైనవి. ఒక్కో ఛానల్‌కు పూర్తి స్థాయిలో సుమారు 4 మిల్లీఆంపియర్లు. బర్-బ్రౌన్ కంపెనీ పీసీఎం63 అటూ ఇటూ 2 మిల్లీఆంపియర్లు, పీసీఎం1704 అటూ ఇటూ 1.2 మిల్లీఆంపియర్లు ఇస్తాయి.

వోల్టేజీ కావలసినచోట కరెంటు ఇవ్వడం ఎందుకు? చిప్పు లోపల బిట్ల విలువలకు తగ్గట్టు చిన్నా పెద్దా కరెంటు మూలాలు ఉంటాయి. పెద్ద బిట్‌కు పెద్ద కరెంటు, దాని కింది బిట్‌కు అందులో సగం, ఆ కిందిదానికి మళ్లీ సగం. వచ్చిన అంకెను బట్టి స్విచ్‌లు కొన్నిటిని అవుట్‌పుట్ వైపుకు, మిగిలినవాటిని గ్రౌండ్ వైపుకు మళ్లిస్తాయి. కరెంట్లు కలపడానికి వాటన్నిటినీ ఒక తీగ మీదికి తెస్తే చాలు. పైగా, ఆ తీగ మీద వోల్టేజీ కదలనంత కాలం స్విచ్‌లు చాలా వేగంగా, శుభ్రంగా పనిచేస్తాయి. ‘వోల్టేజీ కదలనంత కాలం’ అన్న ఈ షరతు దగ్గరే తర్వాతి తగువులన్నీ పుట్టాయి.

ఒక్క రెసిస్టర్ లెక్క, అది ఎక్కడ తప్పుతుంది

కరెంటును వోల్టేజీగా మార్చడానికి అన్నిటికన్నా సులువైన సాధనం రెసిస్టర్. ఓం సూత్రం హైస్కూల్లో చదివినదే. సీడీ ప్లేయర్ల నుంచి 2 వోల్టుల ఆర్ఎంఎస్ రావడం ఆనవాయితీ. సైన్ తరంగంలో అది అడుగు నుంచి శిఖరం దాకా 5.66 వోల్టులు. 4 మిల్లీఆంపియర్లతో 5.66 వోల్టులు రావాలంటే సుమారు 1,414 ఓంల రెసిస్టర్ పెట్టాలి. కాగితం మీద లెక్క ముగిసింది.

కానీ టీడీఏ1541ఏ డేటాషీట్లో ఇంకో అంకె ఉంది. అవుట్‌పుట్ పిన్ను మీద వోల్టేజీ అటూ ఇటూ 25 మిల్లీవోల్టులకు మించి కదలకూడదు. ఈ హద్దును కంప్లయన్స్ అంటారు. మన నగరంలో నల్లా గురించి తెలిసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు: సంపులోకి ధారగా పడే నీళ్లు, అదే పైపును మొదటి అంతస్తుకు ఎత్తి పట్టుకుంటే సన్నబడిపోతాయి. చిప్పులోని కరెంటు మూలమూ అంతే. పిన్ను మీద వోల్టేజీ పెరిగేకొద్దీ అది ఇవ్వవలసిన కరెంటు కాస్త మారుతుంది. ఆ మార్పు సంకేతంతో పాటే హెచ్చుతగ్గులవుతుంది కాబట్టి డిస్టార్షన్‌గా, అంటే తరంగం ఆకారంలో వంకరగా బయటపడుతుంది. 25 మిల్లీవోల్టులు భరించే పిన్ను మీద వోల్టుల కొద్దీ ఊపు పెడితే 16 బిట్ల కచ్చితత్వం మిగలదు.

సరే, హద్దు లోపలే ఉండేలా చిన్న రెసిస్టర్ పెడదాం. టీడీఏ1541ఏ కరెంటును ఒకే దిశలో, సున్నా నుంచి 4 మిల్లీఆంపియర్ల దాకా లోపలికి లాక్కుంటుంది. నిశ్శబ్దం ఉన్నప్పుడు 2 మిల్లీఆంపియర్ల దగ్గర నిలుస్తుంది. ఆ 2 మిల్లీఆంపియర్లను బయటి నుంచి విడిగా సరఫరా చేస్తే రెసిస్టర్‌కు అటూ ఇటూ 2 మిల్లీఆంపియర్లే మిగులుతాయి. 25 మిల్లీవోల్టులను 2 మిల్లీఆంపియర్లతో భాగిస్తే 12.5 ఓంలు. అంతకన్నా పెద్ద రెసిస్టర్‌కు ఇక్కడ చోటు లేదు.

ఇప్పుడు వచ్చే సంకేతం 17.7 మిల్లీవోల్టుల ఆర్ఎంఎస్. దాన్ని 2 వోల్టులకు తేవాలంటే 113 రెట్లు పెంచాలి. పెంచేటప్పుడు యాంప్లిఫయర్ రొద (దాని సొంత గరగర) కూడా అన్ని రెట్లూ పెరుగుతుంది. హెర్ట్జ్ వర్గమూలానికి 3.5 నానోవోల్టుల రొద ఉన్న మామూలు ఆడియో ఆపాంప్‌తో 20 కిలోహెర్ట్జ్ పరిధిలో లెక్కిస్తే, దాని ఇన్‌పుట్ దగ్గర సుమారు అర మైక్రోవోల్టు రొద ఉంటుంది. 17.7 మిల్లీవోల్టులకూ దీనికీ నడుమ దూరం 91 డెసిబెల్స్. 16 బిట్లతో సిద్ధాంతపరంగా దొరికేది 98. అంటే చిప్పులో ఉన్న నాణ్యత కొంత మనం పెట్టిన మెట్టు దగ్గరే పోయింది. రొద చాలా తక్కువగా ఉండే ఏడీ797 లాంటిది పెడితే లెక్క 102 దాకా వస్తుంది. ఒక్క రెసిస్టర్ చాలు అన్న మాట అలా ఒక రెసిస్టర్, 2 మిల్లీఆంపియర్ల మూలం, ఖరీదైన యాంప్లిఫయర్ దాకా సాగిందన్నమాట!

ట్రాన్స్‌ఫార్మర్ ఇక్కడే పనికొస్తుంది. ఒకటికి పది చుట్ల నిష్పత్తి ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ రెండో వైపు 1,250 ఓంలు పెడితే చిప్పుకు అది 12.5 ఓంలుగానే కనిపిస్తుంది, సంకేతం మాత్రం పదింతలు పెద్దదిగా వస్తుంది. యాంప్లిఫయర్ రొద బాధ చాలావరకు తగ్గుతుంది. అయితే ఆ 2 మిల్లీఆంపియర్ల నిలకడ కరెంటు తీగచుట్టలోకి వెళ్తే కోర్ సంతృప్తమయ్యే ప్రమాదం ఉంది, దాన్ని ముందే రద్దు చేయాలి. మంచి ఆడియో ట్రాన్స్‌ఫార్మర్ ధర చిప్పు ధరను మించిపోవడం మామూలే.

మరి రెసిస్టర్ వర్గం అబద్ధం చెబుతోందా? లేదు. వాళ్లలో చాలామంది మనసులో ఉన్నది టీడీఏ1543. ఇది ఒక్క 5 వోల్టుల సరఫరాతో నడిచే 8 పిన్నుల చవక చిప్పు, పూర్తి స్థాయి కరెంటు 2.3 మిల్లీఆంపియర్లు. దీని పిన్ను భరించే కదలికను మిల్లీవోల్టుల్లో కాదు, వోల్టుల్లో కొలుస్తారు. 1 కిలో ఓం రెసిస్టర్ పెడితే 2.3 వోల్టుల ఊపు, అంటే 0.81 వోల్టుల ఆర్ఎంఎస్ వస్తుంది. ఇంట్లో యాంప్లిఫయర్‌ను మోగించడానికి అది సరిపోతుంది. అక్కడ నిజమైన సలహాను పేరు చివర ఒక అంకె, ఒక అక్షరం మాత్రమే తేడా ఉన్న టీడీఏ1541ఏకు అంటగట్టినప్పుడు పేచీ వస్తుంది.

ఆపాంప్ చేసే పని: పిన్నును కదలకుండా పట్టుకోవడం

ఫిలిప్స్ ఇంజనీర్లు తమ ప్లేయర్లలో ఎంచుకున్న దారి ఆపాంప్. చిప్పు అవుట్‌పుట్‌ను ఆపాంప్ మైనస్ ఇన్‌పుట్‌కు కలుపుతారు, ప్లస్ ఇన్‌పుట్‌ను గ్రౌండ్ చేస్తారు, అవుట్‌పుట్ నుంచి మైనస్ ఇన్‌పుట్‌కు ఒక రెసిస్టర్ వెనక్కి వస్తుంది. చిప్పు ఎంత కరెంటు అడిగితే అంతా ఆ రెసిస్టర్ గుండా వచ్చేలా ఆపాంప్ తన అవుట్‌పుట్‌ను సర్దుతుంది. మైనస్ ఇన్‌పుట్ దాదాపు సున్నా వోల్టుల దగ్గరే ఉండిపోతుంది. నిజంగా గ్రౌండ్‌కు కలపకపోయినా గ్రౌండ్‌లా ప్రవర్తించే ఈ చోటునే వర్చువల్ గ్రౌండ్ అంటారు.

పాత ప్లేయర్ బోర్డు మీద దీన్ని కంటితోనే పోల్చుకోవచ్చు. 28 పిన్నుల పొడవాటి టీడీఏ1541ఏ, దానికి రెండు వైపులా వరసగా 14 చిన్న కెపాసిటర్లు, 6వ పిన్ను నుంచీ 25వ పిన్ను నుంచీ బయల్దేరే రెండు సన్నని రాగి దారులు. ఆ దారులు వెళ్లి చేరే ఆపాంప్ పక్కనే గోధుమ, ఆకుపచ్చ, ఎరుపు చారల రెసిస్టర్ ఉంటే అది 1.5 కిలో ఓంలు. 4 మిల్లీఆంపియర్లకు 6 వోల్టుల ఊపు, అంటే 2.12 వోల్టుల ఆర్ఎంఎస్. దాని నెత్తిన సమాంతరంగా ఒక చిన్న కెపాసిటర్ ఉంటుంది. నిలకడగా ఉన్న 2 మిల్లీఆంపియర్ల వల్ల అవుట్‌పుట్‌లో 3 వోల్టుల డీసీ నిలుస్తుంది కాబట్టి ఆ తర్వాత ఒక పెద్ద కెపాసిటర్ దాన్ని అడ్డుకుంటుంది.

రొద లెక్క ఇక్కడ తిరగబడుతుంది. 1.5 కిలో ఓంల ఉష్ణ రొద, ఆపాంప్ రొద కలిపినా 0.9 మైక్రోవోల్టులకు లోపే. సంకేతం 2.12 వోల్టులు. దూరం సుమారు 128 డెసిబెల్స్. ఇందాకటి 91తో పోల్చి చూడండి.

వేగం విషయంలో అభ్యంతరాలు, ఆ చిన్న కెపాసిటర్ జవాబు

ఆపాంప్‌ను వద్దనేవాళ్ల వాదనను కొట్టిపారేయడానికి వీల్లేదు. వర్చువల్ గ్రౌండ్ ఆపాంప్ గెయిన్ (ఎన్ని రెట్లు పెంచుతుందనే లెక్క) మీద ఆధారపడి నిలుస్తుంది, ఆ గెయిన్ పౌనఃపున్యంతో పాటు పడిపోతుంది. 10 మెగాహెర్ట్జ్ గెయిన్-బ్యాండ్‌విడ్త్ (గెయిన్‌ను పౌనఃపున్యంతో గుణిస్తే వచ్చేది) ఉన్న ఆపాంప్‌నే తీసుకుందాం. 20 కిలోహెర్ట్జ్ దగ్గర గెయిన్ 500, 1.5 కిలో ఓంలను దానితో భాగిస్తే చిప్పుకు కనిపించేది 3 ఓంలు. 4 మిల్లీఆంపియర్లకు 12 మిల్లీవోల్టుల కదలిక, హద్దులోనే ఉంది. 1 మెగాహెర్ట్జ్ దగ్గర గెయిన్ 10 మాత్రమే, కనిపించేది 150 ఓంలు. డ్యాక్ ఇచ్చేది నున్నటి తరంగం కాదు, మెట్లు మెట్లుగా మారే కరెంటు. ఆ మెట్ల అంచుల్లో మెగాహెర్ట్జ్‌ల అంశాలు నిండుగా ఉంటాయి. కాబట్టి ప్రతి మెట్టు దగ్గరా వర్చువల్ గ్రౌండ్ క్షణకాలం పట్టు తప్పుతుంది.

ఆ రెసిస్టర్ నెత్తిన ఉన్న కెపాసిటర్ పని ఇదే. దాని మీద 102 అని ముద్రించి ఉంటే 1 నానోఫారడ్. 1 మెగాహెర్ట్జ్ దగ్గర అది 159 ఓంలే కాబట్టి చిప్పుకు కనిపించేది 150 నుంచి 16 ఓంల చుట్టుపక్కలకు దిగుతుంది. ఇంకో మేలు కూడా ఉంది. 4 మిల్లీఆంపియర్ల పూర్తి మెట్టు ఒక్కసారిగా పడినా 1 నానోఫారడ్ కెపాసిటర్ మీద వోల్టేజీ మైక్రోసెకనుకు 4 వోల్టులకన్నా వేగంగా మారలేదు. మామూలు ఆడియో ఆపాంప్ ఎన్ఈ5534 మైక్రోసెకనుకు 13 వోల్టుల దాకా పరుగెత్తగలదు. మైక్రోసెకనుకు వందల వోల్టుల వేగం లేనిదే డ్యాక్‌కు పనికిరాదనే ప్రచారం ఈ కెపాసిటర్‌ను మరిచిపోయి చేసేదే. దాన్ని తీసేస్తే మాత్రం ప్రచారం నిజమవుతుంది. బోర్డు మీది 10 పికోఫారడ్ల సహజ కెపాసిటెన్స్ ఒక్కటే మిగిలితే అదే మెట్టు మైక్రోసెకనుకు 400 వోల్టుల వేగం అడుగుతుంది.

కెపాసిటర్ పెంచుకుంటూ పోవడానికీ లేదు. 1.5 కిలో ఓంలతో 1 నానోఫారడ్ పెడితే 20 కిలోహెర్ట్జ్ దగ్గర నష్టం 0.15 డెసిబెల్స్. 222 ముద్ర ఉన్న 2.2 నానోఫారడ్ పెడితే 0.7 డెసిబెల్స్. చవక సిరామిక్ రకాల్లో వోల్టేజీని బట్టి కెపాసిటెన్స్ మారుతుంది, అది ఇంకో డిస్టార్షన్. వోల్టేజీకి చలించని సీ0జీ రకం సిరామిక్ గానీ ఫిల్మ్ రకం గానీ వాడేది అందుకే.

ఫీడ్‌బ్యాక్ లేకుండా: ట్రాన్సిస్టర్, ఏడీ844

మూడో వర్గం, వెనక్కి తెచ్చి సర్దే పద్ధతే వద్దంటుంది. కామన్ బేస్ పద్ధతిలో (బేస్ కాలును కదలని వోల్టేజీ దగ్గర ఉంచి) కట్టిన ట్రాన్సిస్టర్ ఎమిటర్‌లోకి చిప్పు కరెంటు పంపితే అది దాదాపు అంతే మొత్తంలో కలెక్టర్ నుంచి బయటికొస్తుంది. అక్కడ ఎంత పెద్ద రెసిస్టర్ పెట్టినా ఆ వోల్టేజీ చిప్పును తాకదు. ఎమిటర్ చూపించే నిరోధం సుమారు 26 మిల్లీవోల్టులను ట్రాన్సిస్టర్ కరెంటుతో భాగిస్తే వచ్చేది. 2 మిల్లీఆంపియర్లతో నడిపితే 13 ఓంలు, 10 మిల్లీఆంపియర్లతో నడిపితే 2.6 ఓంలు. సంకేతం వల్ల ఆ 10 కాస్తా 8కీ 12కీ నడుమ ఊగుతుంది కాబట్టి నిరోధం కూడా 3.25 నుంచి 2.17 దాకా ఊగుతుంది. అయినా పిన్ను మీద కదలిక మొత్తం 10.5 మిల్లీవోల్టులే. పౌనఃపున్యం పెరిగినా ఈ లెక్క చాలా దూరం మారదు. ఈ వర్గానికి ఉన్న అసలు బలం ఇదే. బదులుగా ఉష్ణోగ్రతతో పాటు పక్కకు జరిగిపోయే డీసీ, సరఫరా నుంచి దూరే రొద, ట్రాన్సిస్టర్ సొంత వంకర, వీటన్నిటినీ మనమే మోయాలి.

ఏడీ844 వీళ్లకు ఇష్టమైన చిప్పు. పేరుకు ఆపాంపే అయినా లోపలి కరెంటు బయటికి దొరికే 5వ పిన్ను ఉంది కాబట్టి దీన్ని ఫీడ్‌బ్యాక్ లేకుండా వాడుకోవచ్చు. అయితే దాని మైనస్ ఇన్‌పుట్ నిరోధం సుమారు 50 ఓంలు. 4 మిల్లీఆంపియర్లకు 200 మిల్లీవోల్టుల ఊపు, టీడీఏ1541ఏ హద్దుకు నాలుగింతలు. కొందరి బోర్డుల మీద నాలుగు ఏడీ844లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. చూడటానికి పిచ్చిలా ఉంటుంది, కానీ 50ని నాలుగుతో భాగిస్తే 12.5. ఇందాకటి అంకే.

కొత్త చిప్పుల్లో ప్రశ్న మారింది

పాత చిప్పుల కోసం పుట్టిన సలహాలను కొత్త చిప్పులకు యథాతథంగా వాడితే ఇంకో రకం చిక్కు వస్తుంది. పీసీఎం1794ఏ నుంచి ప్రతి అవుట్‌పుట్‌లో 7.8 మిల్లీఆంపియర్ల ఊపు వస్తుంది, దాని మధ్యబిందువు సున్నా కాదు, మైనస్ 6.2 మిల్లీఆంపియర్లు. 750 ఓంల ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ పెడితే సంకేతం లేకపోయినా ఆపాంప్ అవుట్‌పుట్ 4.65 వోల్టుల దగ్గర నిలుస్తుంది. పాట మొదలయ్యాక 1.7 నుంచి 7.6 వోల్టుల దాకా ఊగుతుంది. ప్లస్, మైనస్ 12 వోల్టులతో నడిపితే ఇబ్బంది లేదు. ప్లస్, మైనస్ 5 వోల్టులతో నడిపే బోర్డులో తరంగం నెత్తి తెగిపోతుంది. నేను చూసినంతలో ‘ఈ చిప్పు గరుకుగా పాడుతుంది’ అనే ఫిర్యాదులకు ఇలాంటి సరఫరా లోపాలే ఎక్కువగా కారణమవుతాయి, చిప్పు స్వభావం కాదు.

ఈఎస్9038క్యూ2ఎం లాంటి ఈఎస్ఎస్ కంపెనీ చిప్పులు అసలు స్వచ్ఛమైన కరెంటు మూలాలే కావు. ఒక వోల్టేజీ మూలం ముందు సుమారు 774 ఓంల రెసిస్టర్ కూర్చున్నట్టు ప్రవర్తిస్తాయి. పిన్నును వదిలేస్తే వోల్టేజీ ఇస్తాయి, వర్చువల్ గ్రౌండ్‌కు కలిపితే కరెంటు ఇస్తాయి. కరెంటుగా వాడుకున్నప్పుడు డిస్టార్షన్ తక్కువ. అయితే ఇక్కడ 774 ఓంలు ఆపాంప్ ఇన్‌పుట్‌కు దారి ఇస్తాయి కాబట్టి, అంతే విలువ ఉన్న ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ పెడితే ఆపాంప్ రొద రెండింతలై బయటికొస్తుంది. పైగా ఆ వోల్టేజీ మూలానికి ఆధారం చిప్పు అనలాగ్ సరఫరాయే. అక్కడి రొద నేరుగా సంకేతంలో కలుస్తుంది. అందుకే ఈ చిప్పులు వాడేవాళ్లు ఆపాంప్ కన్నా సరఫరాను నిలకడగా ఉంచే రెగ్యులేటర్ గురించి ఎక్కువ ఆలోచిస్తారు. అదీ సబబే.

విన్నవాళ్ల మాట, కొలిచినవాళ్ల మాట

కొలతల్లో ఆపాంప్‌దే పైచేయి, దాన్ని సరిగ్గా కడితే. విన్నవాళ్లలో చాలామంది రెసిస్టర్‌కో ట్రాన్స్‌ఫార్మర్‌కో ఓటేస్తారు. ఇది భ్రమ అని తోసిపుచ్చనవసరం లేదు, ఎందుకంటే వాళ్లు పోల్చే పెట్టెల్లో తేడాలు నిజంగానే ఉంటాయి. రెసిస్టర్ ఒక్కటే ఉన్న డ్యాక్‌లు చాలావరకు ఓవర్‌శాంప్లింగ్ (మెట్ల నడుమ కొత్త మెట్లు లెక్కగట్టి చేర్చడం) లేకుండా నడుస్తాయి. 44.1 కిలోహెర్ట్జ్ మెట్లను అలాగే వదిలేస్తే 20 కిలోహెర్ట్జ్ దగ్గర 3.2 డెసిబెల్స్ తగ్గుతుంది. పై స్థాయి మెత్తబడిందని చెవి చెప్పేది అబద్ధం కాదు. కానీ ఆ మెత్తదనం రెసిస్టర్ ఇచ్చింది కాదు, దాని పక్కన ఫిల్టర్ లేకపోవడం ఇచ్చింది. అదే చిప్పు తర్వాత ఆపాంప్ పెట్టి, ఓవర్‌శాంప్లింగ్ తీసేసినా ఆ తగ్గుదల అలాగే ఉంటుంది.

శబ్ద స్థాయి ఇంకో పెద్ద తేడా. టీడీఏ1543 ఇచ్చే 0.81 వోల్టులకూ టీడీఏ1541ఏ ఆపాంప్ ఇచ్చే 2.12 వోల్టులకూ నడుమ 8 డెసిబెల్స్ పైగా ఉంది. ఎక్కువ గట్టిగా మోగేది మొదటి నిమిషంలో బాగున్నట్టు, గంటసేపు విన్నాక అలసట తెచ్చినట్టు అనిపించడం సహజం. స్థాయిలు సమం చేయకుండా చేసిన పోలిక ఏ వర్గానికీ సాక్ష్యం కాదు. సమం చేయడానికి ఏసీ వోల్టులు కొలిచే మల్టీమీటర్ చాలు. కానీ చవక మీటర్లు మన 50 హెర్ట్జ్ కరెంటు కోసం తయారైనవి, కిలోహెర్ట్జ్‌లలో తప్పు చూపించవచ్చు. అందుకే 100 హెర్ట్జ్ సైన్ స్వరం మోగించి రెండు పెట్టెలనూ కొలుస్తారు, వాల్యూమ్ సర్ది రెండూ ఒకే అంకె చూపించాక వినడం మొదలుపెడతారు.